మెరిడాలో మకాం పెట్టి మాయా నగరాలు చుట్టి రావడం ఎలా

మెక్సికో అనగానే మనవాళ్లు కాన్‌కున్‌కి టికెట్లు తీస్తారు. బీచ్ రిసార్టులో దిగి, మధ్యలో ఒక రోజు టూర్ బస్సెక్కి చిచెన్ ఇట్జా అనే పాత మాయా నగరం చూసొస్తారు. రానూపోనూ ఐదు గంటలు బస్సులోనే పోతాయి. పిరమిడ్ ముందు నిలబడేసరికి ఎండ నడినెత్తికి వస్తుంది. సముద్రం కోసమే వెళ్తే అది సరే. ఇక్కడి మూలవాసులైన మాయా వాళ్ల పాత ఊళ్లు తీరిగ్గా చూడాలని ఉంటే మాత్రం మకాం మెరిడాలో పెట్టండి.

మెరిడా యుకతాన్ రాష్ట్ర రాజధాని. 1542 జనవరి 6న స్పానిష్ సేనాని ఫ్రాన్సిస్కో దె మొంతేహో కొడుకు (అతని పేరూ అదే) తిహో అనే మాయా నగరం మీద ఈ ఊరికి పునాది వేశాడు. మీద అంటే నిజంగా మీదే. అక్కడి గుళ్లు కూలగొట్టి, ఆ రాళ్లతోనే చర్చీ మేడలూ కట్టారు. ఇక్కడి నుంచి నూటిరవై కిలోమీటర్ల లోపే ఉష్మాల్, చిచెన్ ఇట్జా, ఇసమాల్, సెనోటెలనే నీటి గుండాలు, ఫ్లెమింగోల మడుగు, సముద్రం అన్నీ ఉన్నాయి. రోజుకో దిక్కుకి వెళ్లి, రాత్రికి అదే గదికి తిరిగి రావచ్చు. పెట్టెలు మోసుకుని హోటళ్లు మారే పని ఉండదు.

ప్లాన్ మొత్తం ఎండను బట్టే వేసుకోవాలి. పొద్దున ఏడు లోపు ఊరు దాటండి, మధ్యాహ్నం రెండింటికల్లా గదికి చేరి కాసేపు నడుం వాల్చండి, ఐదు దాటాక మళ్లీ ఊళ్లోకి దిగండి. శిథిలాల దగ్గర గేటు ఎనిమిదింటికి తెరుస్తారు. మెరిడా మాత్రం సాయంత్రం అయితే గానీ ఒళ్లు విరుచుకోదు. ఈ రెండూ కలుపుకుంటే రోజు ఎక్కడా వృథా కాదు. ఐదు రోజులుంటే హాయిగా సరిపోతుంది, నాలుగైతే కాస్త పరుగే.

ముందు వీసా, తర్వాత నెల

ఇండియన్ పాస్‌పోర్టుకి మెక్సికో వీసా కావాలి. అయితే అమెరికా, కెనడా, బ్రిటన్, జపాన్, షెంగెన్ దేశాల్లో ఏదో ఒకదాని వీసా చెల్లుబాటులో ఉన్నా, అక్కడి గ్రీన్‌కార్డు లాంటిది ఉన్నా విడిగా వీసా అక్కర్లేదు. అమెరికాలో ఉంటూ, అమ్మానాన్నలు విజిటర్ వీసా మీద వచ్చినప్పుడు అందరూ కలిసి వెళ్దామనుకునేవాళ్లకు ఇది బాగా కలిసొస్తుంది. హ్యూస్టన్ నుంచి మెరిడాకి నేరుగా విమానం కూడా ఉంది. హెచ్1బీ మీద ఉండి పాస్‌పోర్టులో స్టాంపింగ్ గడువు దాటిపోయినవాళ్లు మాత్రం లాయర్‌ని అడిగాకే టికెట్ తీయండి. మెక్సికో వాళ్లు చూసేది పాస్‌పోర్టులో ఉన్న వీసానే, మీ దగ్గరున్న అప్రూవల్ కాగితాన్ని కాదు. నిబంధనలు మారుతుంటాయి కాబట్టి ఎవరైనా సరే బయల్దేరే ముందు మెక్సికో ఎంబసీ సైట్ ఒకసారి చూసుకోవాలి.

నెలల్లో నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మేలు. అప్పుడు కూడా పగలు ముప్ఫై డిగ్రీల దగ్గర ఉంటుంది. ఉత్తరపు గాలి వీచిన రోజుల్లో సాయంత్రానికి పల్చటి స్వెటర్ కావాలనిపిస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో ఉష్ణోగ్రత 40 దాకా పోతుంది. మన రెంటచింతల, రామగుండం ఎండలు ఎరిగినవాళ్లు కూడా అక్కడి ఉక్కకు డీలా పడతారు. జూన్ నుంచి వానలు. జూన్-నవంబరు మధ్య తుఫానుల కాలం కూడా.

కాన్‌కున్‌లో దిగి వచ్చేవాళ్లు గడియారం గుర్తుంచుకోండి. కాన్‌కున్ సమయం మెరిడా కంటే ఒక గంట ముందు ఉంటుంది. ఫోన్ తనంతట తనే సర్దుకుంటుంది గానీ, తిరుగు ప్రయాణంలో ఫ్లైట్ టైమ్ లెక్కేసేటప్పుడు ఆ గంటే కొంప ముంచుతుంది. కాన్‌కున్ నుంచి మెరిడాకి ఆదేఓ కంపెనీ ఏసీ బస్సులో నాలుగు గంటలు. 2023 డిసెంబరు నుంచి మాయా రైలు కూడా నడుస్తోంది. దాని స్టేషన్ పేరు తేయా, మెరిడా ఊరి బయట ఉంది కాబట్టి అక్కడి నుంచి మళ్లీ ఊళ్లోకి రావాలి. ఆ సమయం కలుపుకుంటే బస్సే సుఖమని నా లెక్క.

వీధి నంబర్లు వచ్చేస్తే ఊరు వచ్చేసినట్టే

మెరిడా పాత ఊళ్లో వీధులకు పేర్లు లేవు, నంబర్లే. సరి సంఖ్య వీధులు ఉత్తర-దక్షిణంగా, బేసి సంఖ్యవి తూర్పు-పడమరగా పోతాయి. తూర్పు నుంచి పడమరకు నడిస్తే సరి సంఖ్యలు పెరుగుతాయి, ఉత్తరం నుంచి దక్షిణానికి దిగితే బేసి సంఖ్యలు పెరుగుతాయి. నడిబొడ్డున ఉన్న పెద్ద చౌక్ పేరు ప్లాసా గ్రాందె. దాని నాలుగు వైపులా 60, 61, 62, 63 వీధులు.

అడ్రసులు ఇంటి నంబరుతో దొరకవు. "కాయె 59, 60కీ 62కీ మధ్య" అన్నట్టు రాస్తారు. అంటే 59వ వీధిలో, 60-62 వీధుల మధ్య ముక్కలో వెతకాలి. మధ్యలో ఎక్స్ గుర్తు కనిపిస్తే "అడ్డంగా కలిసే వీధి" అని చదువుకోండి. టాక్సీ డ్రైవర్‌కి హోటల్ పేరు చెబితే అయోమయంగా చూస్తాడు గానీ ఈ మూడు నంబర్లూ చెబితే సూటిగా తీసుకెళ్లి దింపుతాడు. ఊబర్ కూడా దొరుకుతుంది.

గది ప్లాసా గ్రాందెకి ఉత్తరం వైపు, 60వ వీధికి ఒక వీధి అటో ఇటో తీసుకోండి. సరిగ్గా 60వ వీధి మీదే వద్దు, రాత్రంతా పాటలూ బస్సులూ. పాత ఇళ్లను హోటళ్లుగా మార్చినవి చాలా ఉన్నాయి. ఎత్తయిన కప్పు, పూల డిజైన్ల సిమెంటు టైల్స్, మధ్యలో వాకిలి. ఏసీ ఉందో లేదో మాత్రం తప్పకుండా అడగండి. కుళాయి నీళ్లు తాగకండి. గదిలో పెద్ద నీళ్ల క్యాన్ పెడతారు, దానితోనే సీసాలు నింపుకోండి.

మొదటి రోజు ఊరికే కేటాయించండి

దిగిన మర్నాడే పిరమిడ్ల వైపు పరుగెత్తొద్దు. ముందు ప్లాసా గ్రాందె చుట్టూ ఒక పూట నడవండి. తర్వాతి రోజుల్లో అడవిలో చూడబోయే నగరాల రాళ్లు ఇక్కడ గోడల్లోకి ఎలా చేరాయో కళ్లకు కడుతుంది.

చౌక్‌కి తూర్పున శాన్ ఇల్దెఫోన్సో కెథెడ్రల్. 1561లో మొదలుపెట్టి 1598లో పూర్తి చేశారు. అమెరికా ఖండాల ప్రధాన భూభాగం మీద పూర్తయిన మొదటి కెథెడ్రల్ ఇది. బయట నుంచి కోటలా మొరటుగా ఉంటుంది. లోపల బంగారు పూత, ఆర్భాటం ఆశించకండి, బోసిగా ఉంటుంది. మెక్సికో విప్లవం రోజుల్లో 1915లో దోచుకున్నారు. రాళ్లు మాత్రం తిహో గుళ్లవే.

దక్షిణం వైపున్న కాసా దె మొంతేహో దగ్గర ఎక్కువసేపు ఆగండి. ఊరిని కట్టిన మొంతేహోల ఇల్లు అది. ముఖద్వారం మీద 1549 అన్న సంవత్సరం చెక్కి ఉంది. ద్వారానికి పైన అటూ ఇటూ బల్లేలు పట్టిన ఇద్దరు స్పానిష్ సైనికులు. కాస్త దగ్గరికి జరిగి వాళ్ల కాళ్ల కింద చూడండి. నోరు తెరిచి అరుస్తున్న తలల మీద నిలబడి ఉంటారు. ఆ పక్కన ఒంటినిండా వెంట్రుకలతో, చేతిలో దుడ్డుకర్రలతో అడవి మనుషుల బొమ్మలు. జనం కింద నుంచి సెల్ఫీ తీసుకుని వెళ్లిపోతుంటారు, ఆ తలలు చాలామందికి కనపడవు. గెలిచినవాడు తన గుమ్మం మీద ఏం చెక్కించుకున్నాడో చూశాక ఈ ఊరి చరిత్రకి గైడ్ అక్కర్లేదు. ఇప్పుడది ఒక బ్యాంకు నడిపే మ్యూజియం. లోపలి గదుల సామాను పంతొమ్మిదో శతాబ్దపు వైభవం. అది చూడకపోయినా నష్టం లేదు.

ఇక ఉత్తరం వైపు గవర్నర్ భవనం, పలాసియో దె గొబియెర్నో. ప్రవేశం ఉచితం. ఇదే ఊరికి చెందిన ఫెర్నాందో కాస్త్రో పచెకో అనే చిత్రకారుడు గోడల నిండా 27 పెద్ద చిత్రాలు వేశాడు. మెట్ల దగ్గర మొక్కజొన్న కంకిలోంచి మనిషి పుట్టే మాయా కథ. పై హాలులో కిత్తనార తోటల్లో మగ్గిపోయిన కూలీలు, 1761లో స్పానిష్ వాళ్ల మీద తిరగబడి చిత్రహింసల పాలైన హసింతో కనెక్. కాసా దె మొంతేహో చూసి నేరుగా ఇక్కడికి రండి. అక్కడి తలలు ఇక్కడ జవాబు చెబుతున్నట్టుంటుంది. పై అంతస్తు వరండాలోంచి చౌక్ మొత్తం కనిపిస్తుంది, ఫొటోలకి కూడా అదే మంచి చోటు.

మధ్యాహ్నం లోపు 65వ వీధి దాటి లూకాస్ దె గాల్వెస్ మార్కెట్‌లోకి వెళ్లండి. మాయా వాళ్లు ఎప్పుడో అంతరించిపోయారనుకునేవాళ్లకి ఈ మార్కెట్టే సమాధానం. తెల్ల గౌను మీద రంగుల పువ్వులు కుట్టిన ఇపిల్ వేసుకున్న ఆడవాళ్లు మాయా భాషలోనే బేరాలాడుతుంటారు. యుకతాన్ ద్వీపకల్పంలో లక్షల మందికి ఇప్పటికీ అది ఇంటి భాష. గుట్టలుగా పోసిన ఎర్ర ముద్దలు కనిపిస్తే వాసన చూడండి. అది అచియోతే, మన మన్యంలో పండే జాఫ్రా గింజల ముద్ద. దాని పుట్టిల్లు అమెరికా ఖండమే.

సాయంత్రం పసెయో దె మొంతేహో మీద నడక. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో యుకతాన్ నారతో ప్రపంచమంతా తాళ్లు పేనేవారు. ఆ డబ్బుతో తోటల యజమానులు పారిస్ తరహాలో వేయించిన రోడ్డు ఇది. ఇరువైపులా భవంతులు. వాటిలో ఒకటైన పలాసియో కాంతోన్ ఇప్పుడు పురావస్తు మ్యూజియం, సోమవారం సెలవు. ఉత్తరం కొసన రొములో రొసో అనే కొలంబియా శిల్పి 1945 నుంచి 1956 దాకా కూర్చి చెక్కిన దేశ స్మారకం ఉంది. పగలు ఈ రోడ్డు మీదికి రాకండి, నీడ చాలదు. ఆదివారం పొద్దున మాత్రం కార్లు ఆపేసి సైకిళ్లకు వదిలేస్తారు. అద్దె సైకిళ్లు అక్కడే దొరుకుతాయి, పిల్లలుంటే అదే మంచి సమయం.

సాయంత్రాలు ఏ రోజు ఏముందో చూసుకుని ఖాయం చేసుకోండి

మెరిడాలో వారం పొడుగునా ఏదో ఒక చౌక్‌లో ఆటో పాటో ఉంటుంది, అన్నీ ఉచితం. గురువారం రాత్రి తొమ్మిదింటికి శాంతా లూసియా పార్కులో యుకతాన్ పాటల కచేరీ. 1965 నుంచి సాగుతోంది. ఎనిమిదిన్నరకల్లా వెళ్తేనే కుర్చీ దొరుకుతుంది. సోమవారం మున్సిపల్ భవనం ముందు పళ్లెంలో గ్లాసులు పెట్టి, తల మీద మోస్తూ చేసే హరానా నృత్యం. వారాంతంలో కెథెడ్రల్ ముందు పోక్ తా పోక్, అంటే మాయా బంతాట ప్రదర్శన. చేతులు తగలకుండా తుంటితో రబ్బరు బంతిని కొడతారు. చిచెన్ ఇట్జాలో బంతాట మైదానం చూడకముందే ఇది చూస్తే అక్కడి రాతి చక్రం ఎందుకుందో మీకే అర్థమవుతుంది. రోజులూ వేళలూ మధ్యమధ్య మారుస్తుంటారు, మున్సిపల్ భవనం కింద ఉన్న టూరిస్ట్ ఆఫీసులో ఆ వారం కాగితం తీసుకోండి.

పార్కుల్లో తెల్లటి సిమెంటు జంట కుర్చీలు కనిపిస్తాయి. ఇద్దరు ఎదురుబొదురుగా ముఖాలు చూసుకుంటూ, మధ్యలో ఒక చేతి అడ్డంతో కూర్చునేలా చేశారు. వెనకటికి పెద్దలు ఎంత దూరం ఒప్పుకునేవారో కుర్చీయే చెబుతుంది.

తిండి దగ్గర టెన్షన్ పడకండి, కానీ అడిగి తినండి

మాంసం తినేవాళ్లకు ఇక్కడ పండగే. కొచినీతా పిబిల్ అంటే పంది మాంసానికి జాఫ్రా ముద్ద, నారింజ పులుపు పట్టించి, అరిటాకుల్లో చుట్టి, గోతిలో నిప్పుల మీద ఉడికించింది. అది పొద్దుటి తిండి. మార్కెట్‌లో పదకొండు దాటితే అయిపోయిందంటారు. పంది వద్దంటే టర్కీ కోడితో చేసినవి బోలెడు. సోపా దె లీమా అనే నిమ్మ వాసన చారు ప్రయాణంలో కడుపుకి హాయిగా ఉంటుంది.

శాకాహారులు రెండు సంగతులు చూసుకోవాలి. నల్ల చిక్కుళ్ల ముద్ద చూడటానికి శాకాహారమే గానీ, చాలాచోట్ల పంది కొవ్వు వేసి వండుతారు. అందుకే ఆర్డర్ ఇచ్చేటప్పుడు "సిన్ కార్నె, సిన్ పోయో, సిన్ మంతేకా" అని మూడూ కలిపి చెప్పండి: మాంసం, కోడి, కొవ్వు ఏవీ వద్దని. వట్టి "వెజిటేరియన్" అంటే కోడిముక్కలు వచ్చే అవకాశం ఉంది. నిశ్చింతగా తినగలిగినవి: వేయించిన గుమ్మడి గింజలు, టమాటా కలిపి రుబ్బిన సికిల్ పాక్ (మన రోటి పచ్చడికి వేలు విడిచిన చుట్టం), చాయా ఆకుతో చేసినవి, గుడ్డు తినేవాళ్లైతే గుమ్మడి గింజల గ్రేవీలో పాపట్సూలెస్. రాత్రి చౌక్‌లో బండి మీద మార్కెసీతా తినండి. పల్చటి పొర అట్టు కరకరలాడేలా కాల్చి, తురిమిన చీజ్ వేసి చుట్టిస్తారు. కారంగా ఏమీ లేదని బాధపడేవాళ్ల కోసం ప్రతి టేబుల్ మీదా హబనేరో పచ్చడి ఉంటుంది. గుంటూరు వాళ్లమని బీరాలు పోకండి. హబనేరో ఘాటు మన మిరపకంటే కొన్ని రెట్లు ఎక్కువ. చెంచా కొసతో మొదలుపెట్టండి.

మొదటి యాత్ర ఉష్మాల్‌కే

అందరూ చిచెన్ ఇట్జాకి ముందు వెళ్తారు. మీరు ఉష్మాల్‌తో మొదలుపెట్టండి. మెరిడాకి దక్షిణంగా 80 కిలోమీటర్లు, గంటంబావు ప్రయాణం. జనం తక్కువ, చెట్ల నీడ ఎక్కువ, చెక్కడం పని చాలా మెరుగు. కంటికి అలవాటు ఇక్కడ పడితే తర్వాత ఏది చూసినా తేడా పట్టుకోగలుగుతారు.

గేటు దగ్గర రెండు టికెట్లు కొనాలి, ఒకటి రాష్ట్రానిది, ఒకటి కేంద్ర పురావస్తు శాఖది. చిచెన్ ఇట్జాలోనూ ఇదే పద్ధతి. ఒక్కోసారి కార్డు మెషిన్ పనిచేయదు, పెసోలు చేతిలో ఉంచుకోండి. రెండూ దాచుకోండి, లోపల రెండూ చూస్తారు.

లోపలికి అడుగుపెట్టగానే ఎదురయ్యేది మాంత్రికుడి పిరమిడ్. 35 మీటర్ల ఎత్తు, మూలలు లేకుండా కోడిగుడ్డు ఆకారపు పునాది. గుడ్డులోంచి పుట్టిన మరుగుజ్జు ఒక్క రాత్రిలో కట్టాడని కథ. తవ్వి చూసినవాళ్లు చెప్పేది వేరు: ఒక గుడి మీద ఇంకో గుడి, అలా ఐదు సార్లు కట్టారు. ఎక్కనివ్వరు. చుట్టూ తిరిగి పడమర వైపుకి రండి, అక్కడి మెట్లు నిలువుగా ఉంటాయి.

దాని వెనక సన్యాసినుల చతుశ్శాల. పేరు స్పానిష్ వాళ్లు పెట్టింది, ఇక్కడ సన్యాసినులెవరూ లేరు. నాలుగు వైపులా పొడవాటి భవనాలు, కింద సగం నున్నటి గోడ, పై సగం కిక్కిరిసిన చెక్కడం. ఈ శైలిని పూక్ అంటారు. ఉత్తరం వైపు భవనం మూలల్లో ఒకదాని మీద ఒకటి పేర్చిన ముఖాలు చూడండి. ఏనుగు తొండంలా వంకర తిరిగిన ముక్కు, గుండ్రటి కళ్లు. అది చాక్, వాన దేవుడు. ఇన్నిసార్లు ఎందుకు చెక్కారంటే ఈ కొండ ప్రాంతంలో నదుల్లేవు, సెనోటెలు కూడా దాదాపు లేవు. వాన నీటిని సీసా ఆకారంలో తవ్విన తొట్లలో పట్టుకుంటేనే బతుకు. కరువు సీమ నుంచి వచ్చినవాళ్లకి ఆ ముఖాలు ఊరికే అలంకారంగా కనిపించవు.

తర్వాత బంతాట మైదానం దాటి గట్టు ఎక్కితే గవర్నర్ భవనం. దాదాపు వంద మీటర్ల పొడవు, ఆ గోడ మీద చెక్కిన రాళ్లన్నీ ముక్కలు ముక్కలుగా చేసి అతికించినవి. ఎదురుగా రెండు తలల జాగ్వార్ రాతి పీఠం. పక్కనే చిన్న ఇల్లు, తాబేళ్ల ఇల్లు. చూరు చుట్టూ వరసగా రాతి తాబేళ్లు, ఏ రెండిటి డిప్పలూ ఒకేలా ఉండవు. పిల్లలకి లెక్కపెట్టే పని అప్పజెప్పండి. రాళ్ల మీద కదలకుండా కూర్చున్న ఉడుములు కనిపిస్తే మాత్రం అవి నిజమైనవే.

పదిన్నరకి బయటపడితే, కారుంటే ఇంకో పాతిక కిలోమీటర్ల లోపు దూరంలోని కబా చూసుకుని రావచ్చు. అక్కడ ఒక్క భవనం ముఖం మీదే రెండు వందల యాభై దాకా చాక్ ముఖాలున్నాయి. గడపల దగ్గర ఆ ముక్కులే మెట్లుగా వాడారు. బస్సులో వచ్చినవాళ్లు ఉష్మాల్‌తోనే ఆపేయండి. దిగగానే తిరుగు బస్సు ఎన్నింటికో అడిగి రాసుకోండి. సర్వీసులు తక్కువ, ఒకటి తప్పితే గంటల తరబడి రోడ్డు పక్కన ఎండలో నిలబడాలి.

సెనోటెకి ఒక పూట

ఉత్తర యుకతాన్‌లో నేల మీద నది ఒక్కటి లేదు. సున్నపురాయి నేల కాబట్టి వాన నీరంతా కిందికి ఇంకి, గుహల్లో పారుతుంది. గుహ కప్పు కూలినచోట తెరుచుకున్న నీటి గుండమే సెనోటె. మెరిడా చుట్టూ ఇవి పెద్ద వలయంగా ఉన్నాయి. 6.6 కోట్ల ఏళ్ల కిందట డైనోసార్లను తుడిచిపెట్టిన గ్రహశకలం పడింది ఇక్కడే, చిక్షులూబ్ దగ్గర. 180 కిలోమీటర్ల ఆ బిలం అంచు వెంబడే సెనోటెలు ఏర్పడ్డాయి.

మెరిడాకి ఆగ్నేయంగా గంట దూరంలో కుసమా, ఓమున్ గ్రామాలకు వెళ్లండి. కుసమా వైపు పాత తోటల్లో నార మోపులు మోయడానికి వేసిన సన్నటి పట్టాలున్నాయి. వాటి మీద గుర్రం లాగే బండిలో కూర్చోబెట్టి సెనోటెలకు తీసుకెళ్తారు. ఎదురు బండి వస్తే ఒక బండిని పట్టాల మీంచి దించి పక్కన పెట్టాలి. అందరూ దిగి నవ్వుకుంటూ నిలబడాల్సిందే. ఓమున్ దారి మొదట్లోనే మోటారు రిక్షాల వాళ్లు ఆపుతారు. ఎన్ని సెనోటెలు, ఎంతసేపు, మొత్తం ఎంత అన్నది ఎక్కకముందే మాట్లాడుకోండి. ప్రతి చోటా విడిగా టికెట్ ఉంటుంది.

నీళ్లలోకి దిగేముందు షవర్ కింద తడవాలి. సన్‌స్క్రీన్, దోమల క్రీము రాసుకుని దిగనివ్వరు, ఆ నీళ్లే కింద ఊళ్లకు తాగునీరు. లైఫ్ జాకెట్ అద్దెకిస్తారు, ఈత వచ్చినా తీసుకోండి. ఒడ్డు దగ్గరే లోతు మొదలవుతుంది. కొన్ని చోట్ల నిలువు చెక్క నిచ్చెన మీద దిగాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు వెంట ఉంటే మెట్లు కట్టిన సెనోటె కావాలని ముందే చెప్పండి.

ఇసమాల్, చిచెన్ ఇట్జా: కారుంటే ఒకే రోజు

పొద్దున ఆరింటికి బయల్దేరితే 120 కిలోమీటర్లు దాటి చిచెన్ ఇట్జా గేటు తెరిచేసరికి అక్కడుంటారు. కాన్‌కున్ బస్సులు దిగేది పదిన్నర, పదకొండుకి. ఆ రెండున్నర గంటలూ మీవే. ముందు నేరుగా కుకుల్కాన్ పిరమిడ్ దగ్గరికి వెళ్లి ఖాళీ మైదానంలో ఫొటోలు తీసుకోండి. నాలుగు వైపులా 91 చొప్పున మెట్లు, పైన ఒకటి, మొత్తం 365. మార్చి, సెప్టెంబరు నెలల్లో పగలూ రాత్రీ సమానమయ్యే రోజుల్లో సాయంత్రపు నీడ పాములా మెట్ల పక్కగా దిగుతుంది. ఆ రోజే వెళ్లాలని పట్టుబట్టకండి, జనంలో పిరమిడ్ కూడా కనపడదు. ఒకటి రెండు రోజులు అటూ ఇటూ అయినా నీడ కనిపిస్తుంది. 2006 నుంచి ఎక్కనివ్వడం లేదు.

బంతాట మైదానం 168 మీటర్ల పొడవు, మాయా మైదానాల్లో ఇంత పెద్దది ఇంకోటి లేదు. గోడ మీద ఎత్తులో బిగించిన రాతి చక్రం చూశాక, దాని కింద గోడల మీది శిల్పాలు చూడండి. తల తెగిన ఆటగాడి మెడలోంచి రక్తం పాములుగా ఎగజిమ్ముతుంటుంది. తర్వాత వెయ్యి స్తంభాల వైపు, చివరికి నక్షత్రాలు గమనించేందుకు కట్టిన వేధశాల. పవిత్ర సెనోటె దారంతా దుకాణాలే, జాగ్వార్ అరుపు ఈలల మోత. పచ్చటి ఆ గుండం చూసి వెనక్కి వచ్చేయడమే. టికెట్ ఖరీదు విదేశీయులకి 600 పెసోలు దాటింది, ఏటా పెరుగుతోంది.

తిరుగుదారిలో టోల్ రోడ్డు వదిలి ఇసమాల్‌కి మళ్లండి. ఊరంతా పసుపు రంగు. ఒక మాయా గుడి దిమ్మె మీదే కట్టిన శాన్ ఆంతోనియో మఠం, దాని విశాలమైన ముంగిలి చుట్టూ 75 కమానులు. ఈ మఠం కట్టించిన దియేగో దె లాందానే 1562లో మనీ అనే ఊళ్లో మాయా గ్రంథాలను కుప్ప పోసి తగలబెట్టించాడు. మాయా జీవితం గురించి మనకు తెలిసినదానిలో చాలా భాగం రాసి పెట్టినవాడూ అతనే. మఠం నుంచి రెండు మూడు వీధుల దూరంలో ఇళ్ల మధ్యే కినిచ్ కక్మో పిరమిడ్ ఉంది. టికెట్ లేదు, ఎక్కవచ్చు. మెట్లు అరిగిపోయి ఎగుడుదిగుడుగా ఉంటాయి, బూట్లు వేసుకోండి. పైనుంచి చూస్తే పసుపు మఠం, ఆపైన చదునుగా అడవి.

బస్సు మీద ఆధారపడేవాళ్లు ఈ రెండిటినీ కలపొద్దు. ఇసమాల్‌కి 50, 67 వీధుల మూల దగ్గరి టెర్మినల్ నుంచి విడిగా సగం రోజు పెట్టుకోండి.

సెలెస్తున్, ప్రోగ్రెసో

పక్షులు ఇష్టమైతే పడమరన సెలెస్తున్, రోడ్డు మీద గంటన్నర. పులికాట్, నేలపట్టు వైపు ఫ్లెమింగోలను చూసినవాళ్లు ఇక్కడ రంగు చూసి ఆశ్చర్యపోతారు. మన దగ్గరికి వచ్చే జాతి లేత గులాబీ, ఇక్కడిది ముదురు. డిసెంబరు నుంచి మార్చి దాకా గుంపులు పెద్దవి. వేసవిలో గూళ్ల కోసం రియో లగార్తోస్ వైపు వెళ్లిపోతాయి. పడవకి మొత్తంగా ధర కడతారు, ఆరుగురి దాకా ఎక్కవచ్చు. కాబట్టి వంతెన పక్క రేవులో తోడు దొరికేదాకా ఆగి పంచుకోండి. పక్షులు ఎగిరేలా దగ్గరికి పొమ్మని పడవవాడిని తొందర పెట్టకండి. అవి మేత మానేసి ఎగరడం వాటికి నష్టం.

సముద్రం కావాలంటే ప్రోగ్రెసో, అరగంట పైచిలుకు. ఆరు కిలోమీటర్లకు పైగా సముద్రంలోకి పోయే రేవు వంతెన, లోతులేని నీళ్లు, వేయించిన చేప. 62వ వీధిలో 65-67 మధ్య నుంచి బస్సులు వెంటవెంటనే ఉంటాయి. క్రూజ్ ఓడ వచ్చిన రోజు మాత్రం వద్దు.

కారా, బస్సా

ఇద్దరికి బస్సు చాలు. నలుగురైదుగురు, పెద్దవాళ్లు, పిల్లలు ఉంటే కారు తీసుకోండి. ఆన్‌లైన్‌లో కనిపించే చవక ధర నమ్మకండి. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ తప్పనిసరి, కౌంటర్ దగ్గర కలుపుతారు, అప్పుడు రేటు రెట్టింపైనా ఆశ్చర్యం లేదు. పల్లెల్లో తోపె అనే స్పీడ్ బ్రేకర్లు రంగు కూడా లేకుండా ఉంటాయి. చీకటి పడ్డాక పల్లె రోడ్ల మీద నడపొద్దు. పెట్రోలు బంకులో మీటరు సున్నా మీద ఉందో లేదో చూశాకే కొట్టమనండి, ఇది మనకి కొత్త కాదు. డబ్బు బ్యాంకు లోపలి ఏటీఎంలోనే తీయండి. "మీ కరెన్సీలోకి మార్చమంటారా" అని స్క్రీన్ అడిగితే వద్దని నొక్కండి, లేదంటే రేటులో కోస్తుంది.

ఊయల కొనాలనుంటే వీధిలో వెంటబడేవాళ్ల దగ్గర కాకుండా దుకాణంలో విప్పించి చూడండి. అడ్డంగా పడుకుంటే మీ తల నుంచి పాదాల దాకా పట్టే వెడల్పు ఉండాలి. అల్లిక ఎంత దగ్గరగా ఉంటే అంత మన్నిక.

ఊరికి ఉత్తరాన ఉన్న గ్రాన్ మ్యూసెయో దెల్ ముందో మాయాని చివరి రోజుకి ఉంచండి. 2012లో తెరిచిన పెద్ద మ్యూజియం, ఏసీ ఉంటుంది కాబట్టి మధ్యాహ్నం ఎండలో చూడగలిగిన చోటు అదొక్కటే. చాక్ ముక్కు, బంతాట చక్రం, మొక్కజొన్న మనిషి అన్నీ అప్పటికే చూసి ఉంటారు కాబట్టి అద్దాల వెనక వస్తువులు పరిచయమున్నవే అనిపిస్తాయి. మంగళవారం సెలవు. మీ చివరి రోజు మంగళవారమైతే ఒక రోజు ముందుకి జరుపుకోండి.